అమ్మగారి అఫిడవిట్ తిరిగి వచ్చింది: నోటరీ ముందు ప్రమాణం సక్రమంగా చేయించడం ఎలా?

ప్రశ్న (అక్కయ్యపాలెం, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ప్రభుత్వోద్యోగం నుంచి పదవీ విరమణ చేసి, గత ఏడాది కాలం చేశారు. ఆయన పింఛను కాగితాలలో మా అమ్మగారి పేరు ‘నరసమ్మ’ అని ఉండగా, ఆధార్‌లోనూ బ్యాంకు పుస్తకంలోనూ ‘అప్పలనరసమ్మ’ అని ఉంది. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకునే మన ఉత్తరాంధ్ర ఇళ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు. కుటుంబ పింఛను మంజూరు కావాలంటే ఆ రెండు పేర్లూ ఒక్కరివేనని అఫిడవిట్ ఇమ్మన్నారు. కోర్టు దగ్గర ఒక టైపు దుకాణంలో ఇంగ్లీషులో టైపు చేయించి, ఇంటికి తెచ్చి అమ్మగారి వేలిముద్ర వేయించి, మళ్లీ దుకాణంలో ఇస్తే, గంటలో నోటరీ ముద్రతో సహా చేతికిచ్చారు. పదిహేను రోజులకు అది తిరిగి వచ్చింది. ‘సక్రమంగా ప్రమాణం చేయించినట్లు లేదు’ అన్న ఒక్క వాక్యమే కారణంగా రాశారు. ముద్ర, సంతకం, 100 రూపాయల స్టాంపు పేపరు అన్నీ ఉండగా ఇంకా లోపమేమిటి? అమ్మగారికి చదువు రాదు. మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లు ఎక్కలేరు.

జవాబు 1 (న్యాయవాది గుమాస్తా)

అయ్యా, లోపం మీరు రాసిన దానిలోనే ఉంది. మీ అమ్మగారు నోటరీని చూడలేదు, నోటరీ ఆమెను చూడలేదు. 1952 నాటి నోటరీల చట్టం 8వ సెక్షనులో నోటరీకి అప్పగించిన పనులలో ప్రమాణం చేయించడం, అఫిడవిట్ తీసుకోవడం కూడా ఉన్నాయి. కాబట్టి ఆమె ఎదురుగా కూర్చుని ‘ఇందులో ఉన్నది నిజం’ అని నోటితో చెప్పిన తరువాత వేసేదే ఆ ముద్ర. ‘దైవసాక్షిగా’ అనడం ఇష్టం లేనివారు ‘ఆత్మసాక్షిగా’ అని చెప్పవచ్చు. 1969 నాటి ప్రమాణాల చట్టం అందుకు వీలు కల్పించింది.

చదువు రాని వారి విషయంలో ఇంకొక మాట కూడా చేరాలి. ‘ఇందలి విషయాలను తెలుగులో చదివి వినిపించి, వివరించగా, ఆమె అర్థం చేసుకుని, సరియైనవని అంగీకరించి, నా ఎదుట వేలిముద్ర వేసినారు’ అన్న వాక్యం నోటరీ సంతకానికి పైన ఉండాలి. చదివి వినిపించినది ఎవరో వారు కూడా సంతకం చేయాలి. వేలిముద్ర పక్కన అది ఎవరిది, ఏ చేతిది అన్నది రాయాలి. నన్నడిగితే ఇంగ్లీషు జోలికే వెళ్లకండి. 1966 చట్టం ప్రకారం తెలుగు రాష్ట్ర అధికార భాష. రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయానికి ఇచ్చే కాగితాన్ని ఆమెకు అర్థమయ్యే భాషలోనే రాయించండి.

మీ ప్రతిని ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. ముద్రలో నోటరీ పేరు, పరిధి, రిజిస్ట్రేషన్ నంబరు కనిపిస్తున్నాయా? నోటరీ రిజిస్టరులోని వరుస సంఖ్య, తేదీ రాశారా? ప్రాక్టీసు సర్టిఫికెట్ 5 సంవత్సరాలకు ఇస్తారు కనుక, దాని గడువు కూడా చూసుకోవడం మంచిది.

అడిగినవారు

చూశానండి. వరుస సంఖ్య రాయవలసిన చోట గీత మాత్రమే ఉంది. ముద్ర సరిగ్గా అమ్మగారి వేలిముద్ర మీదనే పడి, రెండూ అలుక్కుపోయాయి. మరొకటి కూడా ఇప్పుడే గమనించాను: అఫిడవిట్‌లో తేదీ 9 అని ఉండగా, స్టాంపు పేపరు వెనుక అమ్మిన తేదీ 12 అని ఉంది.

జవాబు 2 (పింఛను విభాగంలో పనిచేసి విరమించినవాడిని)

ఆ తేదీలు చూశాక మీ కాగితాన్ని నేనైనా తిప్పి పంపేవాడినే. కొనక ముందే ఆ పేపరు మీద ప్రమాణం ఎలా జరుగుతుంది? పాతదాన్ని దిద్దకండి, కొత్తది రాయించండి. ఎక్కడైనా కొట్టివేత తప్పనిసరి అయితే, దాని పక్కన అమ్మగారి వేలిముద్ర, నోటరీ పొట్టి సంతకం రెండూ ఉండాలి.

స్టాంపు విషయంలో ఒక చిత్రం ఉంది. కేవలం పింఛను పొందడం కోసం ఇచ్చే అఫిడవిట్‌కు భారత స్టాంపుల చట్టం మొదటి షెడ్యూలు, 4వ ఆర్టికల్‌లోనే సుంకం మినహాయింపు ఉంది. అయినా కౌంటరు దగ్గర 100 రూపాయల పేపరు అడుగుతారు. నా అనుభవంలో అక్కడ వాదించి గెలిచినవారి కంటే, పేపరు కొని ఇచ్చినవారికే పింఛను త్వరగా వచ్చింది.

అమ్మగారిని మెట్లు ఎక్కించనక్కరలేదు. నోటరీ తన పరిధిలో ఇంటికి వచ్చి ప్రమాణం చేయించవచ్చు. రుసుముల నిబంధనలోనే ప్రయాణ ఖర్చు ప్రస్తావన ఉంది. రిజిస్టరు కూడా తీసుకురమ్మని ముందే చెప్పండి, ఎందుకంటే అందులో సంబంధిత వ్యక్తి సంతకానికి ఒక గడి ఉంటుంది. ఇక రాసే విషయాలు ఆమెకు స్వయంగా తెలిసినవే అయి ఉండాలి. తెలిసి అబద్ధం చెబితే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షను ప్రకారం, న్యాయ విచారణలో అయితే 7 సంవత్సరాల వరకు, ఇతర సందర్భాలలో 3 సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చు.

అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఒక నోటరీగారు రిజిస్టరు వెంటబెట్టుకుని ఇంటికి వచ్చారు. తెలుగు ప్రతిని ఆయనే నిదానంగా చదువుతుండగా, ‘వివాహానంతరం నరసమ్మ అని పిలువబడుచున్నాను’ అన్న చోట అమ్మగారు ఆపించారు. పెళ్లికి ముందే, పుట్టింట్లోనే తనను నరసమ్మ అని పిలిచేవారట. పాత ఇంగ్లీషు ప్రతిలోనూ ఆ తప్పే ఉందని తరువాత చూసుకున్నాను. ఆ పేజీని మళ్లీ టైపు చేయించి తెచ్చేవరకు ఆయన కూర్చున్నారు. వేలిముద్రకు అంగుళం దూరంలో ముద్ర వేసి, వరుస సంఖ్య రాసి, రిజిస్టరులోనూ అమ్మగారి వేలిముద్ర తీసుకున్నారు. సోమవారం కార్యాలయంలో ఇస్తున్నాను.