ఫ్రెంచ్ ప్లుస్-క-పర్ఫే లో "అవే" ఎప్పుడు, "ఎతే" ఎప్పుడు? ఎవరన్నా చెప్పండి

ప్రశ్న (తిరుపతి నుంచి):
అందరికీ నమస్తే. ఫ్రెంచ్ పరీక్ష డెల్ఫ్ బీ వన్‌కి ఇంట్లోనే ప్రిపేర్ అవుతున్నా, పాసే కొంపోజే (అయిపోయిన పని చెప్పే రూపం) వరకు బానే వచ్చింది, ఈ ప్లుస్-క-పర్ఫే దగ్గర మూడు రోజులుగా ఇరుక్కుపోయినా. పర్లే (మాట్లాడటం) వర్బ్ తీసుకుని "అప్పటికే నేను మాట్లాడుండినా" అని రాద్దామని "జెతే పర్లే" అని రాస్తే ఆన్‌లైన్ క్లాస్ సార్ రాంగ్ అని కొట్టేశారు, ఎందుకు రాంగో చెప్పలా. రూల్ బట్టీ కొడితే పరీక్ష హాల్లో నాకు గుర్తుండదు, కాస్త మన మాటల్లో చెప్పండి ప్లీజ్.

జవాబు (చిత్తూరు, పాండిచ్చేరిలో కొన్నేళ్ళు ఉండినోడిని):
చెల్లెమ్మా, నువ్వు రాసిన తెలుగు వాక్యంలోనే సగం ఆన్సర్ ఉంది చూడు. "తిరుపతి స్టేషన్‌కి పోయేసరికే సప్తగిరి ట్రైన్ వెళ్ళిపోయుండింది" అంటాం కదా మనం, అందులో రెండు ముక్కలు ఉన్నాయి, వెళ్ళిపోయి ఒకటి, ఉండింది ఒకటి. జరిగిపోయిన ఒక పనికంటే ముందే ఇంకో పని అయిపోయుంటే దాన్ని ఇట్లా చెప్తాం. ప్లుస్-క-పర్ఫే అంటే అక్షరాలా "పూర్తయినదానికంటే ఎక్కువ" అని అర్థం, వాళ్ళు కూడా రెండు ముక్కలే పెడతారు, ముందు హెల్పింగ్ వర్బ్‌ని ఇంపర్ఫే (గతంలో జరుగుతూ ఉండినదాన్ని చెప్పే రూపం) లో పెట్టి, వెనక పార్టిసిపుల్ (మన "వెళ్ళిపోయి" లాంటి ముక్క) పెడతారు, అంతే.

ఇప్పుడు నీ తప్పు ఎక్కడొచ్చిందంటే, తెలుగులో ప్రతిదానికీ "ఉండు" ఒకటే సరిపోతుంది, తిన్నా మాట్లాడినా పోయినా "ఉండినా" అనేస్తాం. ఆ అలవాటులో నువ్వు ఫ్రెంచ్‌లో కూడా "ఉండు" అనే ఎత్ర్ పెట్టేశావు. వాళ్ళు మాత్రం చాలావరకు వర్బ్‌లకి ఆవ్వార్ వాడతారు, అంటే దగ్గర కలిగి ఉండటం, అట్లాంటి వర్బ్ మనకి విడిగా లేదు కాబట్టే మనోళ్ళందరికీ ఇక్కడ తడబాటు వస్తుంది. నాకూ మొదట్లో ఇదే అయ్యింది.

అందుకని పర్లే కి: జావే పర్లే, త్యు అవే పర్లే, ఇల్ అవే పర్లే, నూజావియోఁ పర్లే, వూజావియే పర్లే, ఇల్జావే పర్లే. నాలుగు చోట్ల "అవే" ఒకటే వినపడుతుంది గానీ రాసేటప్పుడు వేరే, నేను, నువ్వు కి చివర ఏ-ఐ-ఎస్, అతను కి ఏ-ఐ-టి, వాళ్ళు కి ఏ-ఐ-ఈ-ఎన్-టి. మార్కులు పోయేది ఇక్కడే, నోటితో చదివి వదిలేయకుండా చేత్తో రాసి ప్రాక్టీస్ చెయ్యి. వెనక వచ్చే పార్టిసిపుల్ తేలిక, ఈ-ఆర్ తో అయిపోయే వర్బ్ అయితే ఆర్ తీసేసి ఈ మీద గీత (పర్లే అసలు రూపం, పార్టిసిపుల్ రెండూ ఒకేలా వినపడతాయి, గీత మర్చిపోవద్దు), ఫినిర్ (ముగించడం) అయితే ఫిని, ఆతాఁద్ర్ (ఎదురుచూడటం) అయితే ఆతాఁద్యు. కాదు అని చెప్పాలంటే "జ నావే పా పర్లే", పా అనేది మధ్యలో దూరుద్ది, చివర్లో పెట్టకూడదు.

ప్రశ్న అడిగిన అమ్మాయి:
అన్నా, ఇప్పుడు అర్థమైంది, ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే! మరి సప్తగిరి వెళ్ళిపోయుండింది కి మా బుక్‌లో "ల త్రాఁ ఎతే పర్తి" అని ఉంది, అక్కడ ఎతే ఎందుకు?

జవాబు (తిరుపతిలో ఫ్రెంచ్ ట్యూషన్ చెప్తా):
దీనికి నేను చెప్తానమ్మా. రావడం, పోవడం, ఎక్కడం, దిగడం, పుట్టడం, చనిపోవడం లాంటి కొన్ని వర్బ్‌లకి, ఇంకా స లెవే (లేవడం) లాంటి స తో వచ్చేవాటన్నిటికీ ఎత్ర్ రావాలి. అప్పుడు జెతే, త్యు ఎతే, ఇల్ ఎతే, నూజెతియోఁ, వూజెతియే, ఇల్జెతే. ఎత్ర్ వచ్చినచోట చాలావరకు పార్టిసిపుల్ మనిషిని బట్టి మారుద్ది, ఆడవాళ్ళయితే ఒక ఈ, ఎక్కువమంది అయితే ఒక ఎస్.

ఇందులో నాకు చాలా ఇష్టమైనది ఒకటి ఉంది, మా పిల్లలకి ఎప్పుడూ ఈ ఉదాహరణే చెప్తా. "కొండెక్కుండినాం" అంటే నూజెతియోఁ మోఁతే, ఎత్ర్. కానీ అలిపిరి నుంచి "ఆ 3,550 మెట్లు ఎక్కుండినాం" అంటే నూజావియోఁ మోఁతే లే మార్ష్, ఆవ్వార్! దేన్ని ఎక్కినామో ఆ వస్తువు ప్రిపొజిషన్ లేకుండా నేరుగా వర్బ్ వెనకాల వచ్చేసింది కదా, అందుకని ఆవ్వార్, మోఁతే చివర ఎస్ కూడా రాదు. దెసాఁద్ర్ (దిగడం), సొర్తిర్ (బయటికి పోవడం), రాఁత్రే (ఇంటికి తిరిగి రావడం) కూడా ఇంతే. "దేన్ని?" అని అడిగి చూసుకో, జవాబు నేరుగా వస్తే ఆవ్వార్.

ప్రశ్న అడిగిన అమ్మాయి:
మేడమ్, రెండు వాక్యాలు రాశా, చూడండి. "నాన్న ఫోన్ చేసేసరికి నా హోంవర్క్ అయిపోయుండింది" కి "కాఁ పపా ఆ తెలెఫొనే, జావే ఫిని మే దవ్వార్". "అమ్మ వచ్చేసరికి నేను ఇంటికి వచ్చేసుండినా" కి "కాఁ మామాఁ ఎ తారివే, జెతే రాఁత్రే".

జవాబు (ట్యూషన్ టీచర్):
రెండూ కరెక్టే! ఎవరన్నా ఫోన్ చేసే లోపల, వచ్చే లోపల అయిపోయిన పనికి వాడావు, అదే కావాల్సింది. అమ్మ వచ్చింది కాబట్టి ఆరివే కి కూడా ఒక ఈ ఎక్కువ, అది చూసుకున్నావా? అట్లాగే నువ్వు ఆడపిల్లవి, రాఁత్రే చివర ఇంకో ఈ రాశావా, చెవికి వినపడదు గానీ పేపర్ దిద్దేవాళ్ళకి కనపడుద్ది.

ప్రశ్న అడిగిన అమ్మాయి:
అమ్మ దానికి రాశా మేడమ్, నాదానికే మర్చిపోయినా. ఇప్పుడు వేసినా. రేపు ఆతాఁద్ర్ తో ఆరు రూపాలూ రాసి ఇక్కడే పెడతా, దిద్దండి.