అప్‌డేట్: కిరాయి ఇవ్వనాయన ఎట్టకేలకు ఖాళీ చేశాడు

కూకట్‌పల్లిలో మా పై పోర్షన్‌లో ఉన్నాయన ఏడు నెలలుగా కిరాయి ఇవ్వట్లేదు, ఖాళీ చేయట్లేదని మార్చిలో అడిగాను కదా. పోయిన ఆదివారం తాళాలు చేతికొచ్చాయి. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పని మొదలైంది లాయర్ నోటీసుతోనే. 11 నెలల అగ్రిమెంట్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి నెలనెలా కిరాయి కిందే లెక్కట. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల గడువిచ్చి రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. ఆయన తీసుకోలేదు, కవరు తిరిగొచ్చింది. నేను చింపబోతుంటే లాయర్ ఆపారు. నోటీసు పంపామనడానికి ఆ సీలు కవరే సాక్ష్యమట!

రెంట్ కంట్రోల్ కోర్టు మాకు పనికిరాలేదు. హైదరాబాద్‌లో నెల కిరాయి 3,500 దాటితే రెంట్ కంట్రోల్ చట్టం వర్తించదు, మాది 14,000. సివిల్ కోర్టులో దావా వేశాం. కొన్ని వాయిదాల తర్వాత లోక్ అదాలత్‌లో (కేసుల్ని రాజీతో తేల్చే వేదిక) రాజీ కుదిరింది: రెండు నెలల్లో ఆయన ఖాళీ చేయాలి, అడ్వాన్స్ పోను మిగిలిన బకాయిలో సగం మేం వదిలేయాలి. ఆ సగం మా ఆవిడకి ఇంకా మింగుడుపడలేదు. కానీ లోక్ అదాలత్ రాజీ మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వాపసు.

పోలీస్ స్టేషన్‌కు రెండుసార్లు తిరగడం దండగ, సివిల్ గొడవ అని పంపేశారు. నీళ్లు, కరెంటు ఆపేయమన్న సలహా చెబితే లాయర్ తల పట్టుకున్నారు, కేసు మా మీదికే తిరిగేదట.