ప్రాక్టికల్స్ ఇంటి నుంచి చేయిస్తే మార్కులు ఏ ఆధారంతో వేయాలి?

ప్రశ్న (హైదరాబాద్, 2020 లాక్‌డౌన్ కాలంలో అడిగినది):
హోటల్ మేనేజ్‌మెంట్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఫుడ్ ప్రొడక్షన్ (వంట తయారీ) బోధిస్తున్నాను. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి తరగతులన్నీ జూమ్‌లోనే నడుస్తున్నాయి. థియరీకి ఇబ్బంది లేదు గానీ కత్తి పట్టడం, మంటను అదుపు చేయడం తెర మీద చూసినంత మాత్రాన చేతికి రావు. చాలామంది ఇళ్లలో ఓవెన్ లేదు, కొందరికి డేటా కూడా చాలడం లేదు. మీరు ప్రాక్టికల్ మార్కులు ఎలా వేస్తున్నారో దయచేసి తెలుపగలరు.

జవాబు (విశాఖపట్నం):
బేకరీని ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఇంటి పొయ్యి మీద సాధ్యమయ్యే పాఠాలను ముందుకు జరపండి. బెషమెల్ అనే తెల్ల సాస్‌కు అర లీటరు పాలు, 30 గ్రాముల వెన్న, 30 గ్రాముల మైదా ఉంటే చాలు. మైదా రంగు మారకముందే పాలు పోశారా, ఉండలు కట్టనిచ్చారా అన్నది చిన్న వీడియోలోనే తెలిసిపోతుంది. చివర గరిటె వెనుక అంటిన సాస్ మీద వేలితో గీత గీయమంటాను. అది చెదరకుండా నిలిస్తే చిక్కదనం కుదిరినట్టే. జూలియన్ ముక్కల (అగ్గిపుల్లల్లా సన్నగా తరిగిన కూరగాయల) పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయమంటే 3 మిల్లీమీటర్ల మందం వచ్చిందో లేదో మనమే చూసుకోవచ్చు. అయితే కూరగాయను పట్టుకున్న చేతి వేళ్లు లోపలికి ముడిచారో లేదో కనిపించే వీడియో కూడా తప్పనిసరిగా అడగండి, ఎందుకంటే అమ్మలు తరిగిన ముక్కలు మరీ చక్కగా ఉంటాయి. వీడియోను ముందే తీసి, నెట్ దొరికినప్పుడు వాట్సాప్‌లో పంపమంటే డేటా సమస్య కొంత తగ్గుతుంది.

జవాబు (విజయవాడ):
ఫ్రంట్ ఆఫీస్ (హోటల్ రిసెప్షన్) పాఠాల్లో ఫోన్ రిజర్వేషన్‌ను నిజంగా ఫోన్ మీదే నేర్పుతున్నాం. ముఖం కనిపించదు కాబట్టి విద్యార్థి గొంతు మీదే శ్రద్ధ పెడుతున్నాడు. హౌస్‌కీపింగ్ (గదులు, పడకలు సర్దే పని) మాత్రం కుదరడం లేదు. గోడకు ఆనించిన మంచం, మెత్తటి దూది పరుపు మీద దుప్పటి మూలను 45 డిగ్రీల కోణంలో మడవడం ఎవరి వల్లా కాదు.

జవాబు (తిరుపతి):
పై సూచనలతో నాకు పూర్తి ఏకీభావం లేదు. ఆదాయం ఆగిపోయిన ఇంట్లో మార్కుల కోసం వెన్న కొనిపించడం న్యాయం కాదు. ఆ పూట కూరకు తెచ్చిన బంగాళాదుంపలనే తరిగించి, పరిశుభ్రతకూ పనిచేసే క్రమానికీ మార్కులు వేయవచ్చు. రుచి చూడకుండా రుచికి మార్కులు వేయకూడదు. వంద మందికి వండే వేగం, నలుగురితో కలిసి వంటశాలలో పనిచేసే తీరు ఇంట్లో అలవడేవి కావు కాబట్టి, కళాశాల తెరిచాక వాటికి విడిగా ప్రాక్టికల్ తరగతులు నిర్వహించి, అప్పటివరకు ఆ మార్కులను ఆపి ఉంచడమే సబబు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మార్కులు ఆపి ఉంచే విషయం మా ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతాను. ఈ వారం బంగాళాదుంపలతోనే మొదలుపెడతాం.