జపాన్‌లో విదేశీయుల నేరాల రేటు ఎలా లెక్కకట్టాలి?

అందరికీ నమస్కారం. జపాన్‌కు వచ్చే విదేశీయుల నేరాలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని చూస్తూ ఒకచోట ఆగిపోయాను. అక్కడి జాతీయ పోలీసు ఏజెన్సీ లెక్కల్లో శాశ్వత నివాసం ఉన్నవాళ్లనీ అమెరికా సైనికులనీ పక్కన పెడతారు, కానీ నాలుగు రోజులు తిరిగి వెళ్లిపోయే టూరిస్టు, ఏళ్ల తరబడి ఉండే స్టూడెంటు, వీసా గడువు దాటినా ఉండిపోయినవాళ్లు, అందరూ ఒకే గంపలో పడతారు. 2003లో వచ్చిన విదేశీయులు సుమారు 52 లక్షలు, 2019లో దాదాపు 3.19 కోట్లు. పోలీసులు తేల్చిన కేసులు మాత్రం 2005 ప్రాంతంలో గరిష్ఠానికి చేరి ఆ తర్వాత బాగా పడిపోయాయి.

మరి దేనితో భాగించాలి? వచ్చిన మనుషులతోనా, ఉన్న రోజులతోనా? ఇంకో చిక్కు, ఒక ముఠా దొరికితే దాని పాత దొంగతనాలన్నీ తేలిన ఏడాది ఖాతాలోకే వెళ్తాయి, అందుకే కేసుల కంటే పట్టుబడిన మనుషుల సంఖ్యే నయమని నాకనిపిస్తోంది. తప్పైతే చెప్పండి. వీసా రకం వారీగా విడగొట్టిన పట్టికలు ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్లు దయచేసి దారి చూపండి. ఉత్త మొత్తాలు చూపించి ఒక దేశం వాళ్లందరినీ దొంగలంటుంటే నిజంగా బాధేస్తోంది.