విడాకుల ఒప్పందం అయ్యాక దాచిన ప్లాటు బయటపడింది. మళ్లీ కోర్టుకెక్కాలా?

మియాపూర్ తమ్ముడు:
మా అక్క భరణం కేసు వేసింది. అది నడుస్తుండగానే రాజీ కుదిరి, 2022లో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నారు. 30 లక్షలు, ఫుల్ అండ్ ఫైనల్. మొన్న మా మేనమామ షాద్‌నగర్ దగ్గర ప్లాటు కొంటే, దస్తావేజులో ఉత్తరం హద్దు దగ్గర బావ పేరు కనిపించింది. ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఆస్తి లావాదేవీల పత్రం) తీస్తే 2019లో కొన్నట్టు తేలింది. భరణం కేసులో ఇచ్చిన అఫిడవిట్‌లో మాత్రం స్థిరాస్తి దగ్గర 'లేదు' అని రాశాడు. నాన్న వదిలేయమంటున్నారు. మీరేమంటారు?

గజం లెక్క:
నాన్నగారి మాటే నాదీ. సంతకం పెట్టి డబ్బు తీసుకున్నాక మళ్లీ ఏమిటండీ? భర్త ఆస్తిలో సగం భార్యకివ్వాలన్న రూలు మన దగ్గర లేదు. ఔటర్ రింగ్ రోడ్డు అవతల రేట్లు పెరిగాయి కాబట్టే అందరికీ పాత ప్లాట్లు గుర్తొస్తున్నాయి.

నల్లకోటు:
రేటు కాదు సార్, తేదీ చూడండి. విడాకుల తర్వాత కొనుంటే నేనూ వదిలేయమనేవాణ్ణి. సగం రాదన్నది నిజమే. కానీ హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం తేల్చేటప్పుడు ఆదాయంతో పాటు ఆస్తీ చూస్తారు. 2020లో రజనేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపాలన్నది కూడా ఇలా దాచకుండా ఉండటానికే. కోర్టును మోసం చేసి తెచ్చుకున్న డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) చెల్లదని 1993లోనే చెంగల్వరాయ నాయుడు కేసులో చెప్పింది. గడువు కూడా మోసం తెలిసినప్పటి నుంచే లెక్క. కాకపోతే రాజీ డిక్రీ మీద విడిగా దావా వేయనివ్వరు, డిక్రీ ఇచ్చిన కోర్టులోనే అడగాలి.

గజం లెక్క:
అక్కగారికి ఆ ప్లాటు సంగతి నిజంగా తెలియదా? తెలిసే సంతకం పెట్టుంటే ఇక మోసమెక్కడిది?

మియాపూర్ తమ్ముడు:
ఆ వెంచర్‌కి ఒకసారి వెళ్లింది. హద్దురాళ్ల దగ్గర ఇద్దరూ కొబ్బరికాయ కొడుతున్న ఫోటో కూడా ఉంది. ఫ్రెండ్ ప్లాటని చెప్పాడట.

నల్లకోటు:
అవతలి లాయరు మొదట బయటికి తీసేది ఆ ఫోటోనే. ఫ్రెండ్‌దని అన్నట్టు పాత వాట్సాప్ మెసేజ్ ఏదైనా ఉందేమో వెతకండి. దొరికితే ధైర్యంగా వేయండి. దొరక్కపోతే ఈసీ, అఫిడవిట్ కాపీలు జతచేసి లాయర్ నోటీసు పంపి, బేరానికి కూర్చోండి.

గజం లెక్క:
నేనూ అదేగా అంటున్నది!

నల్లకోటు:
మీరన్నది వదిలేయమని, సార్.