దీపావళి కార్యక్రమం, డిజర్ట్ టేబుల్: ఎవరు ఏం బేక్ చేస్తున్నారో ఇక్కడ రాయండి

డిజర్ట్ టేబుల్ బాధ్యత:

అందరికీ నమస్కారం. బర్మింగ్‌హామ్‌లో హాల్ ఖరారైంది, భోజనాలు కిచెన్ టీమ్ చూసుకుంటున్నారు కాబట్టి ఇక్కడ ఒక్క డిజర్ట్ టేబుల్ సంగతే మాట్లాడుకుందాం. ఈసారి బయట ఆర్డర్ పెట్టకుండా అన్నీ మన ఇళ్లలోనే బేక్ చేసి తెద్దామని పోయినవారం అనుకున్నాం కదా, 150 మంది లెక్క. అయితే పేర్లు రాసుకునే ముందు ఒక విషయం చెప్పాలి, ఏడాదిగా నా మనసులో ఉండిపోయింది.

పోయిన దీపావళికి ఆ టేబుల్ దగ్గర నిలబడింది నేనే. 11 డబ్బాలు వచ్చాయి, ఒక్కదాని మీదా ఏముందో రాసి లేదు. ఒకావిడ 6 ఏళ్ల బాబుని తీసుకొచ్చి, వీడికి జీడిపప్పు, బాదం పడవండీ, వీటిలో ఏది పెట్టొచ్చు అని అడిగారు. నేను ఒక్కో మూత తీసి చూశాను. కేక్ ముక్క పైకి మామూలుగానే ఉంది, లోపల బాదం పొడి కలిపారో లేదో చూసి ఎలా చెప్తాం? చేసినవాళ్లేమో స్టేజీ వెనక పిల్లలకి మేకప్ వేస్తున్నారు, ఫోన్ ఎత్తలేదు. ఆవిడ "పర్లేదులెండి" అని బాబు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయారు. వాడి పేపర్ ప్లేటు ఖాళీగానే ఉంది, ఆ ప్లేటు ఇప్పటికీ నా కళ్లముందు కనిపిస్తోంది.

అందుకని ఈసారి నేను గట్టిగా అడిగేది ఒక్కటే. చీటీ లేని డబ్బా టేబుల్ ఎక్కదు. వేసిన ప్రతి వస్తువూ రాయండి, "చిటికెడే కదా" అని వదిలేయొద్దు. ఇక్కడ బ్రిటన్‌లో చెప్పి తీరాల్సిన ఎలర్జీ వస్తువులు 14 ఉన్నాయి, వాటిలో గోధుమ, పాలు, వేరుశెనగ, బాదం, జీడిపప్పు అందరికీ తెలుసు. మనవాళ్లు మర్చిపోయేది నువ్వులు. 2016లో నటాషా అనే 15 ఏళ్ల అమ్మాయి నువ్వులు కలిసిన బ్రెడ్ తిని చనిపోయింది, ఆ ప్యాకెట్ మీద నువ్వుల మాటే లేదు. తర్వాత ఆ అమ్మాయి పేరుతోనే పిలుస్తున్న చట్టం వచ్చి, 2021 అక్టోబర్ నుంచి అక్కడికక్కడే ప్యాక్ చేసి అమ్మే వాటి మీద కూడా అన్నీ రాయాల్సి వచ్చింది. మనలా ఎప్పుడో ఒకసారి ఉచితంగా పెట్టేవాళ్లకి అది వర్తించినా వర్తించకపోయినా, మనం మాత్రం రాద్దాం.

రెండోది, గుడ్డు. మన కార్యక్రమం దీపావళి తర్వాత వచ్చే శనివారం, అంటే కార్తీకం వచ్చేసి ఉంటుంది. కార్తీకమంతా గుడ్డు ముట్టని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి, శనివారం తినని వాళ్లు సరేసరి. సగం టేబుల్ గుడ్డుతో, సగం లేకుండా పెడితే గరిటెలు కలిసిపోతాయి. అన్నీ ఎగ్‌లెస్సే చేద్దాం. జెలటిన్ కూడా వద్దు, అది జంతువుల నుంచి తీసేది; పుడ్డింగ్ గట్టిపడాలంటే సముద్రపు నాచుతో చేసే చైనా గ్రాస్ వాడండి.

కొత్త వాలంటీర్:

అక్కా, నేను ఈ ఏడాదే వచ్చాను. కేక్ చేయాలని చాలా ఉంది కానీ గుడ్డు లేకుండా అంటే టెన్షన్‌గా ఉంది. పోయిన నెల ఒక అమెరికా రెసిపీ చూసి చేశాను, ఓవెన్‌లో బ్రహ్మాండంగా పొంగింది, 20 నిమిషాలకి మధ్యలో గుంటలా కూర్చుండిపోయింది. తింటే సబ్బు రుచి. గుడ్డు లేకపోవడం వల్లేనా?

డిజర్ట్ టేబుల్ బాధ్యత:

గుడ్డు వల్ల కాదమ్మా. నువ్వు కొన్న పిండి ప్యాకెట్ మీద ఏముందో ఒకసారి చూడు. ఇక్కడ షాపుల్లో సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్, ప్లెయిన్ ఫ్లోర్ పక్కపక్కనే ఉంటాయి, ప్యాకెట్లు ఒకేలా కనిపిస్తాయి. సెల్ఫ్ రైజింగ్‌లో బేకింగ్ పౌడర్ ముందే కలిపి ఉంటుంది, దానికి నువ్వు రెసిపీ ప్రకారం మళ్లీ వేస్తే రెట్టింపయిపోతుంది. గ్యాస్ ఒక్కసారిగా పుట్టి కేక్ గబగబా లేస్తుంది, గోడలు గట్టిపడేలోపే పడిపోతుంది. సబ్బు రుచి కూడా ఆ ఎక్కువైన సోడాదే. మన మైదాకి దగ్గరగా ఉండేది ప్లెయిన్ ఫ్లోర్, అది కొను. ఇంకోటి, కప్పులతో కొలవకు. అమెరికా కప్పు దాదాపు 240 మిల్లీలీటర్లు, మన ఇంట్లో టీ కప్పు ఎంతో ఎవరికి తెలుసు? ఒకే కప్పులో పిండి వదులుగా పోస్తే 120 గ్రాములు, అదిమి నింపితే 150 పైనే. చిన్న కిచెన్ స్కేల్ కొనుక్కో, సగం బాధలు పోతాయి.

నీకు రవ్వ కేక్ ఇస్తున్నా, ధైర్యంగా చెయ్యి. బొంబాయి రవ్వ 250 గ్రాములు, పెరుగు 200, పంచదార 180, నూనె 100 మిల్లీలీటర్లు, పాలు 100, యాలకుల పొడి. గ్రీక్ యోగర్ట్ వద్దు, మరీ చిక్కన, మామూలు పెరుగు తీసుకో. ఇవన్నీ కలిపి అరగంట పక్కన పెట్టు. మూత తీసేసరికి రవ్వ తేమంతా పీల్చుకుని ఉప్మాలా బిగుసుకుని ఉంటుంది, కంగారుపడకు, ఇంకో రెండు మూడు చెంచాల పాలు పోసి ఇడ్లీ పిండిలా వచ్చేదాకా కలుపు. బేకింగ్ పౌడర్ ఒక టీస్పూన్, వంటసోడా అర టీస్పూన్ ఆఖర్న, ఓవెన్ వేడెక్కాకే వెయ్యి. పెరుగు పులుపు తగలగానే సోడా బుడగలు మొదలవుతాయి, గుడ్డు చేసే పనిలో కొంత అవే చేస్తాయి, అందుకే కలిపాక పది నిమిషాలు ఫోన్ మాట్లాడుతూ ఉంటే ఆ బుడగలు పోతాయి. 8 అంగుళాల చదరపు టిన్, 180 డిగ్రీలు, ఫ్యాన్ ఓవెన్ అయితే 160, 35 నుంచి 40 నిమిషాలు, పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. పూర్తిగా చల్లారాకే కొయ్యి. టిన్నుకి 16 ముక్కలు వస్తాయి, నువ్వు మూడు చేస్తే చాలు.

కిచెన్ టీమ్‌లో అన్నయ్య:

హాల్‌లో ఫ్రిజ్ ఒక్కటే, అదీ నా నడుం ఎత్తు ఉంటుంది, పెరుగన్నం గిన్నెలు పెట్టేసరికే నిండిపోతుంది. కాబట్టి ఫ్రెష్ క్రీమ్ కేకులు, చీజ్‌కేకులు వద్దమ్మా. వాటిని 8 డిగ్రీల లోపే ఉంచాలి, టేబుల్ మీద పెట్టామంటే 4 గంటలు మించకూడదు. మన కార్యక్రమం ఒంటిగంట అని మొదలుపెట్టి ఎప్పుడు ముగుస్తుందో అందరికీ తెలుసు. గాలి చొరని డబ్బాలో బయట ఉండగలిగేవే తెండి.

నాన్‌ఖటాయ్ చేస్తానన్న వదిన:

నా వంతు 100 నాన్‌ఖటాయ్. కొత్తగా చేసేవాళ్లకి ఒక మాట. అమ్మ ఫోన్‌లో "నెయ్యి కరగాల్సిన పన్లేదు, అలాగే వేసెయ్" అంటే గుంటూరు నెయ్యి అనుకుని చెప్తుంది, ఇక్కడ నవంబర్‌లో సీసాలో నెయ్యి రాయిలా ఉంటుంది. అలాగని మైక్రోవేవ్‌లో నూనెలా కరిగిస్తే బిస్కెట్లు ట్రే మీద అప్పడాల్లా పరుచుకుంటాయి, నాకు రెండు ట్రేలు అలా పోయాయి. ముందురోజు రాత్రే నెయ్యి బయట తీసి హీటర్ ఉన్న గదిలో పెట్టండి. వేలితో నొక్కితే దిగాలి కానీ కారకూడదు. అప్పుడు పంచదార పొడి వేసి తెల్లగా అయ్యేదాకా గిలక్కొడితే గాలి పట్టి, నోట్లో వేసుకోగానే కరిగిపోతాయి. చీటీలో గోధుమ, పాలు రాస్తాను, పైన పిస్తా అద్దడం మానేస్తున్నా.

డిజర్ట్ టేబుల్ బాధ్యత:

వదినా, పిస్తా మానేసినందుకు చాలా థాంక్స్. ఇంకో టిన్ను నేను కస్టర్డ్ పౌడర్ బిస్కెట్లు చేస్తున్నా, అవీ ఎగ్‌లెస్సే. మన ఇళ్లలో ఫ్రూట్ సలాడ్‌కి వాడే ఆ పౌడర్ పుట్టింది ఈ ఊళ్లోనే, తెలుసా? 1837లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే కెమిస్టు, భార్యకి గుడ్డు పడదని, ఆమె కూడా కస్టర్డ్ తినాలని మొక్కజొన్న పిండితో చేశాడు. ఆమెకి ఈస్ట్ కూడా పడదని 1843లో బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. ఇంట్లో ఒక్క మనిషి ప్లేటు ఖాళీగా ఉండకూడదని ఆయన అంత కష్టపడ్డాడు. మనం చేయాల్సింది ఒక చీటీ రాయడం, అంతే కదా. ఈ సంగతి కూడా ఒక కార్డు మీద రాసి టేబుల్ మీద పెడతాను, పిల్లలు చదువుతారు.

హైదరాబాద్ పిన్నిగారు:

నేను డబుల్ కా మీఠా చేస్తానమ్మా. 50 మందికి బ్రెడ్ నూనెలో వేయించడం ఈ వయసులో నా వల్ల కాదు, ముక్కలకి నెయ్యి రాసి ఓవెన్‌లో ఎర్రగా కాలుస్తా, కోవా బదులు పాలపొడి, పాలు దగ్గరికి మరిగించి పోస్తా. జీడిపప్పు వేరే గిన్నెలో పెడతా, కావాల్సినవాళ్లు చల్లుకుంటారు. ఖుబానీ కా మీఠా కూడా చేయమంటావా?

డిజర్ట్ టేబుల్ బాధ్యత:

పిన్నిగారూ, ఖుబానీ కూడా చేయండి. అన్నయ్యా, పాలది కాబట్టి డబుల్ కా మీఠాకి మాత్రం ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ ఉంచండి, భోజనాల టైముకే బయటికి తీద్దాం. జీడిపప్పు గిన్నె టేబుల్ అవతలి చివర పెడతాను, చెంచా కూడా వేరే. ఖుబానీకి ఎండు ఆప్రికాట్లు కొనేటప్పుడు నారింజ రంగులో మెరిసేవి వద్దు, వాటికి సల్ఫర్ డయాక్సైడ్ పట్టిస్తారు, అదీ ఆ 14లో ఒకటి. గోధుమరంగులో ఉండేవి తెచ్చుకోండి, ప్యాకెట్ వెనక ఒకసారి చూసి. రుచి కూడా వాటికే బాగుంటుంది.

రవ్వ కేకులు చెల్లి చేసే మూడు కాక ఇంకా మూడు టిన్నులు కావాలి, చేయగలిగినవాళ్లు గురువారం లోపు ఇక్కడ రాయండి. చీటీలు నేనే ప్రింట్ చేస్తా, వస్తువుల జాబితా నాకు పంపితే చాలు. పిన్నిగారికి పెద్ద స్టీలు ట్రేలు రెండు కావాలి, ఎవరి దగ్గరున్నాయి?

కొత్త వాలంటీర్:

ప్యాకెట్ చూశాను అక్కా, సెల్ఫ్ రైజింగే! ట్రేలు మా ఓనరు ఆంటీ దగ్గర ఉన్నాయి, శుక్రవారం సాయంత్రం పిన్నిగారింటికి తెచ్చిస్తాను. అప్పుడే రవ్వ కేక్ ఒకటి ముందుగా చేసి తెస్తా, పిన్నిగారు రుచి చూసి చెప్పాలి.