సమస్య: వాన పైకి కురిసె వార్ధినుండి

నిర్వాహకుడు: పొయ్యి మీది గిన్నె మూత తీస్తే లోపలివైపంతా బొట్లు బొట్లుగా చెమ్మ, అప్పుడు తట్టిన పాదమిది, వార్ధి అంటే సముద్రం. ఇది ఆఖరి పాదంగా వచ్చి అర్థం కుదిరేలా మిగతా పద్యం అల్లడమే పూరణ. ముందే చెప్తున్నా, కలలో కనిపించిందనీ తాగినవాడు అన్నాడనీ తప్పించుకునే పూరణలు ఈసారి చెల్లవు.

మడుగు మాష్టారు:

ఎండపొద్దు సోకి యెవ్వరి కంటికీ
కానరాక నీరు గాలినెక్కె
పడెడి వాన కాదు, బయలుదేరెడి వాన
వాన పైకి కురిసె వార్ధినుండి

యతిప్రియ: మాష్టారూ, మూడో పాదం దగ్గర ఆగిపోయాను. "కానరాక" కూడా కుదిరింది. ఆవిరి నిజంగానే కంటికి కనబడదు, మనం ఆవిరి అనుకునే ఆ తెల్లటి పొగ అప్పటికే చల్లబడి మళ్ళీ సన్నటి నీటి బొట్లయిపోయి ఉంటుంది.

గణపాఠి: పద్యం సాఫీగా ఉంది, కాదనను. కానీ ముడి "పైకి" దగ్గర లేదు, "కురిసె" దగ్గర ఉంది. ఆవిరి లేస్తుంది, కురవదు. కురవాలంటే చుక్క ఉండాలి కదా. మాష్టారు దానికి వాన అని పేరు పెట్టేసి దాటుకున్నారు.

మడుగు మాష్టారు: పేరు పెట్టడమే పూరణ నాయనా.

గగనవిహారి: విరుపు చూడండి.

నీటి తునకలెల్ల నిప్పులదొర కంట
పడగ నావిరయ్యె, పరుగుదీసె
చినుకు కాని చినుకు జిలుగు తాపప్రభా
వాన పైకి కురిసె వార్ధినుండి

యతిప్రియ: ప్రభావాన! అబ్బ! సమస్యలో వానే లేకుండా చేశారు కదండీ.

గణపాఠి: వాన పోయింది సరే, కురవడం పోలేదుగా. "చినుకు కాని చినుకు" అంటే తప్పు ముందే ఒప్పుకున్నట్టు. ఇక వేడికి "జిలుగు" ఏమిటి స్వామీ, అది యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కలిసే అక్షరం కోసం, పిలిస్తే వచ్చిన చుట్టం. పైగా "తాప"లో ప లఘువు (పొట్టి అక్షరం), గణం (పొట్టి పొడుగు అక్షరాల కొలత) పోయింది.

నిర్వాహకుడు: పోలేదు. తాపప్రభావం ఒకే సమాసం, ప్ర ముందు ప గురువే (పొడుగు అక్షరం). జిలుగు మాత్రం నాకూ నచ్చలేదు.

గగనవిహారి: గణపాఠిగారు గణం తప్పు పట్టి తామే తప్పడం ఇది రెండోసారి. లెక్క నేను రాసుకుంటున్నా.

గణపాఠి: నేనూ రాసుకున్నాను. పోయిన నెల మేఘం సమస్యకి "కడలి మరిగి" అని పూరించింది ఎవరో? నీరు మరగాలంటే 100 డిగ్రీలు కావాలి, సముద్రానికి అంత వేడి ఎక్కడిది? ఆరేసిన బట్ట ఏం మరిగి ఆరుతోంది మరి? ఆవిరవడం వేరు, మరగడం వేరు అని ఆ రోజు ఎంత మొత్తుకున్నా మీరు వింటేనా.

మడుగు మాష్టారు: ఆ మేఘాన్ని ఇక వదిలేయండయ్యా, ఎప్పుడో కురిసి వెలిసింది.

తుంపర: కొత్తదాన్ని, తప్పులుంటే దిద్దండి.

నురుగులోని బుడగ నోరు విచ్చినయంత
ఉప్పుచుక్క లెగిరి యురికె మింట
మబ్బువిత్తులయ్యె మరునాటి వానకు
వాన పైకి కురిసె వార్ధినుండి

అల విరిగినప్పుడు నురుగులో బుడగలు పేలుతాయి కదా, ఒక్కో బుడగ పేలినప్పుడు కంటికి ఆననంత చిన్న చుక్కలు పైకి చిమ్ముతాయి. అందులో నీరు ఆరిపోతే ఉప్పురవ్వ మిగిలి గాలితో పాటు పైకి పోతుంది, చల్లబడ్డ ఆవిరి దాన్ని పట్టుకుని మబ్బుచుక్క అవుతుంది. అలాంటివి దాదాపు 10 లక్షలు కలిస్తే ఒక్క వానచినుకు.

గగనవిహారి: గణపాఠిగారూ, చుక్క కావాలన్నారు. ఇదిగో చుక్క.

గణపాఠి: చూశాను. "విచ్చినయంత" తర్వాత "నుప్పు" అనాలి, అది చిన్న మాట. కానీ గాల్లోకెక్కిన ఆవిరి సగటున 9 రోజులుంటుంది, అమ్మాయి మరునాడే కురిపించేసింది.

తుంపర: తొమ్మిదోనాడు అంటే యతి పోతుందండీ.

గణపాఠి: అదీ నిజమే. "కురిసె"కి న్యాయం చేసింది మాత్రం ఈ ఒక్క పద్యమే, మాష్టారు ఏమనుకున్నా సరే.

మడుగు మాష్టారు: ఏమీ అనుకోను. "మబ్బువిత్తులు" నాకు తట్టలేదే అని మాత్రం ఉంది.

గణపాఠి: గగనవిహారిగారూ, జిలుగు తీసేసి "చెలగు తాపప్రభా" అనండి. యతి నిలుస్తుంది, వేడికీ అర్థం వస్తుంది.

గగనవిహారి: మార్చాను. లెక్కలోంచి ఒకటి కొట్టేశాను.